ప్రాయశ్చిత్తం ఎవరు చేసుకోవాలి? – క్రీస్తు బలి, పాపక్షమాపణ సిద్ధాంతంపై ఒక పరిశీలన

క్రైస్తవ మత విశ్వాసాలన్నిటికీ కేంద్రబిందువు హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) సిలువ మరణం. ఆ మరణం మానవుల పాపాల నిమిత్తం జరిగిన బలి అని క్రైస్తవ సోదరులు విశ్వసిస్తారు. ఆదిమానవుడైన ఆదాము చేసిన ఆజ్ఞోల్లంఘన వల్ల మానవజాతి యావత్తూ పాపానికి లోబడిందని, దైవం న్యాయమూర్తి గనుక పాపానికి శిక్ష పడక తప్పదని, ఆ శిక్షను దైవకుమారుడు తన మీద వేసుకొని సిలువపై రక్తం చిందించాడని, దానిని విశ్వసించిన వారికి పాపక్షమాపణ లభిస్తుందని ఈ సిద్ధాంత సారాంశం. ఇది తెలుసుకోవడానికి గ్రంథాలు తిరగేయనక్కరలేదు. నార్సింగి కూడలిలో సిగ్నలు దగ్గర ఆగిన ఆటోల, కార్ల వెనుక అద్దాలు చూస్తే చాలు. “యేసు రక్తమే జయం” అన్న మూడు మాటల్లో ఆ సిద్ధాంతమంతా ఇమిడి ఉంటుంది. మనవారు రోజూ దానిని చూస్తారు. కొందరు నవ్వుకుంటారు, కొందరు చికాకుపడతారు. ఆ మాట రాయించుకున్న మనిషి దాని మీద తన పరలోకాన్నే పెట్టుకొని ఉన్నాడని ఆలోచించేవారు తక్కువ.

ఈ విషయంపై మన భాషలో ముస్లిములు వ్రాసిన కరపత్రాలు, చిన్న పుస్తకాలు చాలానే ఉన్నాయి. వాటిలో సాధారణంగా రెండు వాదనలు కనిపిస్తాయి. మొదటిది, అన్నిసా సూరా 157వ ఆయత్ ప్రకారం ఈసా (అ) సిలువ వేయబడనే లేదు గనుక బలి అన్న ప్రసక్తే లేదనడం. రెండవది, ఒకరు నేరం చేస్తే మరొకరిని ఉరి తీసే న్యాయమూర్తి ఉంటాడా అని ఎద్దేవా చేయడం. మొదటి వాదన మన విశ్వాసం, అందులో సందేహం లేదు. కాని దివ్య ఖుర్ఆన్‌ను దైవవాణిగా అంగీకరించని వ్యక్తితో అక్కడే సంభాషణ ముగిసిపోతుంది. పైగా పాపం ఎలా క్షమించబడుతుంది అన్న ప్రశ్న దానితో తీరదు. సిలువ మీద ఎవరు మరణించారన్నది ఒక ప్రశ్న, ఒక మరణం వల్ల క్షమాపణ లభిస్తుందా అన్నది వేరొక ప్రశ్న. ఇక రెండవ వాదనకు చదువుకున్న క్రైస్తవుడి దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. శిక్ష అనుభవించినవాడు దారిన పోయే నిర్దోషి కాడు, న్యాయపీఠం మీద కూర్చున్నవాడే కిందికి దిగివచ్చి తన ఇష్టపూర్వకంగా శిక్షను భరించాడు అని అతను చెబుతాడు. ఆ జవాబును ఎదుర్కోని విమర్శ విమర్శ అనిపించుకోదు.

దక్షిణాఫ్రికాకు చెందిన అహ్మద్ దీదాత్ (1918–2005) వాదసభల ధోరణి మన యువకుల్లో బాగా పాకింది. సభలో చప్పట్లు కొట్టించడానికి అది పనికివస్తుంది. అయితే మనకు అంతకంటే గట్టి పూర్వీకుడు ఒకరున్నారు. 1854లో ఆగ్రాలో పాదరీ ఫాండర్‌తో చర్చకు కూర్చున్న మౌలానా రహ్మతుల్లాహ్ కైరానవీ, ఆయన సహచరుడు డాక్టర్ వజీర్ ఖాన్, ఐరోపా క్రైస్తవ పండితులు తమ గ్రంథం గురించి తాము వ్రాసుకున్న పుస్తకాలను తెప్పించుకొని చదివిన తర్వాతే చర్చకు వెళ్లారు. ఎదుటివారి మాటను ఎదుటివారి పుస్తకంలో నుండి తెలుసుకోవడం అనే ఆ పద్ధతిని మన కరపత్రకారులు మరిచిపోయారు.

ఆ పద్ధతిలో చూస్తే మొదట తెలిసేది, సిలువ బలిపై క్రైస్తవుల్లో ఒకే సిద్ధాంతం లేదన్న సంగతి. 4వ శతాబ్దంలో రూపొందిన నీకేయా విశ్వాస ప్రమాణం క్రీస్తు మన కోసం సిలువ వేయబడ్డాడని చెబుతుందే గాని, ఆ మరణం క్షమాపణను ఎలా తెచ్చిపెట్టిందో నిర్ణయించి చెప్పదు. ప్రాచీనుల్లో ఓరిజెన్ వంటివారు దానిని సైతాను చెరలో ఉన్న మానవుల విడుదల కోసం చెల్లించిన మూల్యంగా భావించారు. 1098లో కాంటర్‌బరీ ప్రధానాచార్యుడు ఆన్సెల్ము తన గ్రంథంలో దీనిని త్రోసిపుచ్చి, పాపం దైవ గౌరవానికి జరిగిన భంగమని, ఆ లోటును పూడ్చగల సామర్థ్యం మనిషికి లేదు గనుక దైవమే మనిషిగా వచ్చి పూడ్చాడని వాదించాడు. ప్రభువుకూ సామంతుడికీ మధ్యనున్న మర్యాదలే సమాజానికి పునాదిగా ఉన్న కాలపు ఆలోచన అది. ఆయన తర్వాతి తరంవాడైన అబెలార్డు ఇదంతా కాదు, సిలువ దైవప్రేమకు నిదర్శనం, అది చూసి మనిషి హృదయం మారుతుంది అన్నాడు. 16వ శతాబ్దంలో కాల్విన్ దానిని న్యాయస్థాన భాషలోకి మార్చి, మనకు పడవలసిన శిక్ష ఆయనకు పడిందన్నాడు. ఆ శతాబ్దాంతంలోనే సొసీనస్ అనే ఇటలీ పండితుడు, బాకీ చెల్లింపబడితే అది క్షమాపణ కాదు, క్షమించితే చెల్లింపు అక్కరలేదు అని సూటిగా అడిగాడు. ఇక తూర్పు సంఘాలు ఆదాము దోషం బిడ్డలకు నేరంగా సంక్రమిస్తుందని పడమటివారు చెప్పినట్లు చెప్పనే చెప్పవు. మన తెలుగునాట సువార్త సభల్లో వినవచ్చేది ఎక్కువగా కాల్విన్ శాఖ నుండి 19వ శతాబ్దపు ప్రొటెస్టెంటు మిషనరీల ద్వారా వచ్చిన శిక్షా సిద్ధాంతం. విమర్శ కూడా ప్రధానంగా దానికే పరిమితం కావాలి.

ఈ సిద్ధాంతంలోని చిక్కు తెలంగాణ రైతుకు చెప్పాలంటే ఒక ఉదాహరణ చేతిలోనే ఉంది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం 2 లక్షల రూపాయల వరకు పంట రుణాలను మాఫీ చేసింది. మాఫీ అన్నది మన అరబీ మాటే, ఉర్దూ మీదుగా తెలుగులో స్థిరపడింది. రైతు దృష్టిలో అది మాఫీయే, అతను పైసా కట్టలేదు. కాని బ్యాంకు దృష్టిలో? ప్రభుత్వం ఖజానాలో నుండి తీసి బ్యాంకుకు కట్టింది. బ్యాంకు ఎవరినీ క్షమించలేదు. రావలసింది రాబట్టుకుంది, కట్టినవాడు మారాడంతే. శిక్షా సిద్ధాంతంలో దైవం స్థానం సరిగ్గా ఈ బ్యాంకు స్థానం. బాకీ పూర్తిగా ముట్టిన తర్వాత రసీదు ఇచ్చేవాడిని ఉదారుడని ఎవరూ అనరు. దివ్య ఖుర్ఆన్ అల్లాహ్‌ను అల్ గఫూర్ అని, అల్ అఫువ్వ్ అని పదే పదే పేర్కొంటుంది. ఈ రెండు నామాలకూ రసీదుతో పని లేదు.

క్రైస్తవుడు ఇక్కడ ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. ఆ ప్రభుత్వమూ ఆ బ్యాంకూ ఒకటే, దైవమే తన సొమ్ము తనకు కట్టుకున్నాడు అంటాడు. అలాగైతే ఒక జేబులో నుండి తీసి మరొక జేబులో వేసుకోవడమే గదా, దాని అవసరమేమిటని మనం అడుగుతాం. దానికి అతని తుది జవాబు ఆలోచింపదగినది. క్షమించడం ఎప్పుడూ ఉచితం కాదు, క్షమించేవాడు ఆ నష్టాన్ని తానే దిగమింగుకోవాలి, కొడుకు హంతకుణ్ణి క్షమించిన తల్లి ఎంత చెల్లిస్తుందో చూడండి, సిలువ ఆ దైవవేదనకు రూపం అని అతను చెబుతాడు. ఈ సిద్ధాంత సమర్థనలో ఇంతకంటే హృదయానికి హత్తుకునే మాట మరొకటి లేదు. దీనిని విని నవ్వేవారికి ధర్మచర్చ చేసే అర్హత లేదని నా అభిప్రాయం.

అయినా ఈ మాట నిలవదు. ఆ తల్లి నష్టాన్ని భరించి క్షమించిందే గాని, క్షమించడానికి ముందు ఇంకొక కొడుకును చంపుకోలేదు. నష్టం భరించడం వేరు, నష్టానికి సమానమైన మరొక మరణాన్ని కోరడం వేరు. మొదటిది కరుణ, రెండవది లెక్క. పైగా సర్వశక్తిమంతుడైన సృష్టికర్తకు దాసుడి పాపం వల్ల నష్టం కలుగుతుందన్నదే మనం అంగీకరించలేని విషయం. పాపి అన్యాయం చేసుకునేది తన ఆత్మకే. అజ్జుమర్ సూరా 53వ ఆయత్‌లో తమ ఆత్మలకు అన్యాయం చేసుకున్న దాసులనే అల్లాహ్ సంబోధించి, నిరాశ చెందవద్దని, ఆయన పాపాలన్నిటినీ క్షమిస్తాడని తెలియజేశాడు. షరతుగా ఏ మరణమూ అక్కడ లేదు. మరలి రావడం ఒక్కటే ఉంది.

సువార్తల్లో ఈసా (అ) పేరిట ఉన్న ఉపమానాలను చూసినా ఇదే స్ఫురిస్తుంది. లూకా 15వ అధ్యాయంలో ఆస్తి తగలేసుకొని తిరిగివచ్చిన కుమారుణ్ణి తండ్రి దూరం నుండి చూచి పరుగెత్తి వెళ్లి కౌగలించుకుంటాడు. క్రొవ్విన దూడను కోయిస్తాడు, నిజమే, కాని అది విందు కోసం. పెద్ద కొడుకును పిలిచి నీ తమ్ముడి శిక్ష నువ్వు అనుభవించు అనలేదు. మత్తయి 18వ అధ్యాయంలో రాజు పదివేల తలాంతుల అప్పును, దాసుడు వేడుకున్నందుకు విడిచిపెడతాడు. ఆ అప్పు ఎవరూ కట్టలేదు. రాజు తర్వాత కోపించింది కూడా ఆ దాసుడు తన తోటివాడి చిన్న అప్పును విడిచిపెట్టనందుకే. వీటికి ఎదురుగా మార్కు 10వ అధ్యాయంలోని విమోచన మూల్యం మాట, చివరి విందులోని రక్తం మాట క్రైస్తవులు చూపుతారు. అవి ఉన్నాయి, లేవనడం నిజాయితీ కాదు. కాని ఆ ఒకటి రెండు క్లుప్తమైన మాటల వెలుగులో ఇంత విపులమైన ఉపమానాలను చదవాలా, ఉపమానాల వెలుగులో ఆ మాటలను చదవాలా అన్నది క్రైస్తవులు తమలో తాము తేల్చుకోవలసిన ప్రశ్న.

తౌరాత్ సంగతి ఇంకా ఆసక్తికరమైనది. రక్తం చిందకుండా క్షమాపణ లేదని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక చెబుతుంది, సువార్త సభల్లో దీనినే మళ్లీ మళ్లీ వినిపిస్తారు. కాని లేవీయకాండం 5వ అధ్యాయంలో పాపపరిహారానికి గొర్రె తేలేనివాడు రెండు గువ్వలు తేవచ్చని, అవీ కొనలేని నిరుపేద కొంచెం గోధుమపిండి తేవచ్చని, దానితోనే అతనికి క్షమాపణ కలుగుతుందని విధింపబడింది. పిండిలో రక్తమెక్కడిది? ఆ పిండిని బలిపీఠం మీద ఇతర అర్పణల పైన దహిస్తారు గనుక అక్కడా రక్తముందని కొందరు పండితులు సమాధానం చెబుతారు. కొంచెం బలవంతపు సమాధానం. పేదవాడి గుప్పెడు పిండిని స్వీకరించిన దైవానికి రక్తమే కావాలని ఎలా అంటాం? యెహెజ్కేలు గ్రంథం 18వ అధ్యాయమంతా తండ్రి దోషం కొడుకు మోయడని, దుష్టుడు తన మార్గం విడిచిపెడితే బ్రతుకుతాడని చెప్పడానికే కేటాయింపబడింది. అల్ అన్ఆమ్ సూరా 164వ ఆయత్‌లో బరువు మోసే ఏ వ్యక్తీ ఇంకొకరి బరువు మోయడని వచ్చిన మాటకు ఇది ఎంత దగ్గరగా ఉందో గమనార్హం.

ఇక తెలుగు మాటల దగ్గరకు వద్దాం. అనువాదం నా వృత్తి గనుక ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. 1805లో విశాఖపట్నం చేరిన క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే లండన్ మిషనరీలు, ఆనందరాయర్ అనే బ్రాహ్మణ సహాయకుడితో కలిసి చేసిన కృషితో తెలుగు సువార్తల ముద్రణకు దారి ఏర్పడింది. ఆనాటి నుండి అనువాదకులందరి ముందూ ఒకే చిక్కు నిలిచింది. హీబ్రూలోని కిప్పూర్ అన్న మాటకు తెలుగులో ఏమనాలి? మన అరబీ కఫ్ఫారా దానికి తోబుట్టువే, క ఫ ర ధాతువు రెండింటికీ ఒకటే. ఈనాడు తెలుగు సంఘాల్లో చదివే పాత అనువాదంలో ఆ మాట ప్రాయశ్చిత్తం అయింది. మందసం మీది మూత కరుణాపీఠం అయింది. క్రీస్తు మరణాన్ని చెప్పవలసిన చోట విమోచన క్రయధనం, శాంతికరం వంటి మాటలు పుట్టాయి.

ప్రాయశ్చిత్తం అన్నది ధర్మశాస్త్రాల మాట. యాజ్ఞవల్క్య స్మృతిలో ఆచార, వ్యవహారాల తర్వాత మూడవ భాగమే ప్రాయశ్చిత్తం. దాని వ్యాఖ్య మితాక్షరిని 13వ శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగు చేశాడు. ఆ శాస్త్రమంతటిలోనూ ప్రాయశ్చిత్తం చేసుకునేది తప్పు చేసినవాడే. ఉపవాసముండేవాడు అతను, దానం చేసేవాడు అతను. నాకు బదులు మా పక్కింటాయన ప్రాయశ్చిత్తం చేసుకున్నాడంటే తెలుగువాడికి నవ్వు వస్తుంది. చేసిన పాపం చెబితే పోతుందన్న సామెతలోనూ చెప్పవలసింది చేసినవాడే. అంటే మిషనరీలు ఎన్నుకున్న మాట వారి సిద్ధాంతాన్ని మోయనన్నది. లేవీయకాండంలో తప్పు చేసినవాడు పిండి తెచ్చే చోట అది చక్కగా అమరింది, సిలువ దగ్గరకు వచ్చేసరికి దానిని వంచవలసి వచ్చింది. తెలుగు సంఘాల్లో బోధకులు “మనం చేయలేని ప్రాయశ్చిత్తం ఆయన చేశాడు” అని విప్పి చెప్పవలసి రావడానికి కారణమిదే.

బలి అన్న మాటకు మరొక కథ ఉంది. ఆ మాట వినగానే తెలంగాణ పల్లెలో కళ్ల ముందు మెదిలేది పోచమ్మ, మైసమ్మ గుళ్ల ముందు కోసే యాటపోతు. ప్రాణానికి ప్రాణమిస్తే గండం తప్పుతుందన్న నమ్మకం ఈ నేలలో మిషనరీల కంటే ఎంతో ముందునుండీ ఉంది. క్రీస్తు చివరి బలి అయ్యాడు గనుక ఇక యాటలు కోయనక్కరలేదన్న బోధ అటువంటి చోట సులభంగా నాటుకుంది. చదువుకున్నవారి కోసం యజ్ఞమనే మాట తెచ్చారు. 1875లో కలకత్తాకు చెందిన రెవరెండ్ కె. ఎం. బెనర్జీ, వేదాల్లోని ప్రజాపతి బలి క్రీస్తుకు ముంగుర్తు అని ఒక పుస్తకమే వ్రాశాడు. తెలుగు సభల్లో ఈనాటికీ ఆ వాదం వినిపిస్తుంది. కాని ఋగ్వేద పురుషసూక్తంలో పురుషుణ్ణి బలి ఇవ్వడం వల్ల పుట్టింది సృష్టి, వర్ణాలు. పాపక్షమాపణ అక్కడ ప్రస్తావనకే రాదు. ఒకరి గ్రంథంలో లేని దానిని అందులో చూపించడం ఏ మత ప్రచారానికీ శోభనివ్వదు. మనవారిలోనూ ఈ అలవాటు లేకపోలేదు.

ప్రజలను ఈ మతం వైపు ఆకర్షించింది నిజంగా ఈ లెక్కలేనా? 1876–78 కరువు ముగిసే వేళ, 1878 జూలై 3న, ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో వెలంపల్లి వద్ద 2,222 మంది, అత్యధికులు మాదిగలు, ఒక్కరోజున బాప్తిస్మం పొందారు. ఆన్సెల్ము వాదం విని వారు నీటిలోకి దిగి ఉంటారని నేను అనుకోను. తమను ముట్టుకొని, తమ పక్కన కూర్చొని, నీకూ విలువ ఉందని చెప్పినవారి వెంట వెళ్లారు. నీ కోసం ఒకరు ప్రాణమిచ్చారన్న మాట, ఎవరూ గ్లాసు నీళ్లు కూడా ఇవ్వని మనిషి చెవిలో ఎలా మ్రోగుతుందో మనం ఊహించాలి. ఆ ఊళ్లలో మసీదులున్నచోట మనవారు ఏం చేస్తున్నారన్న ప్రశ్న కూడా వేసుకోవాలి.

చదువుకున్న తెలుగు క్రైస్తవుల్లోనే ఈ న్యాయస్థాన సిద్ధాంతం రుచించనివారు ఉన్నారు. నెల్లూరులో 1886లో జన్మించి, పుదుక్కోట సంస్థానంలో న్యాయమూర్తిగా పనిచేసిన పండిపెద్ది చెంచయ్య వారిలో ముఖ్యుడు. 1938 డిసెంబరులో మద్రాసు దగ్గర తాంబరంలో అంతర్జాతీయ మిషనరీ మహాసభ జరిగింది. ఆ ఏడాదే వెలువడిన “రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా” సంపుటంలో ఆయన, ఆయన మిత్రులు పాశ్చాత్య వేదాంతాన్ని నిలదీశారు. క్రీస్తు రాక ముఖ్యంగా ఒక కొత్త సృష్టికి ఆరంభమని, దానిని నేరం, శిక్ష, విడుదల అనే చట్టపు చట్రంలో బిగించడం సరికాదని చెంచయ్య ధోరణి. జీవితమంతా చట్టంతో గడిపిన న్యాయమూర్తి దైవాన్ని న్యాయస్థానంలో కూర్చోబెట్టడానికి ఒప్పుకోకపోవడం ఆలోచింపదగినది. అంతమాత్రాన ఆయనను మన పక్షం చేసుకోరాదు. ఈసా (అ)కు ఆయన ఇచ్చిన స్థానం మన తౌహీద్‌కు చాలా దూరం. కాని శిక్షా సిద్ధాంతమే క్రైస్తవమని వ్రాసే మన రచయితలు చెంచయ్య పేరైనా విని ఉండాలి.

క్రైస్తవులు తిరిగి మనల్ని అడిగే ప్రశ్నలకూ జవాబు ఉండాలి. అస్సాఫ్ఫాత్ సూరా 107వ ఆయత్‌లో ఇబ్రాహీమ్ (అ) కుమారుడికి బదులు ఒక గొప్ప జిబహ్‌ను ఫిద్యాగా ఇచ్చామని ఉంది గదా, ఇది ప్రాణానికి ప్రాణం కాదా అంటారు. ఆ కుమారుడు పాపి కాడు, ఆ గొర్రె ఎవరి పాపమూ మోయలేదు, అక్కడ జరిగింది విధేయతకు పరీక్ష. ఖుర్బానీ మాంసం గాని రక్తం గాని అల్లాహ్‌కు చేరవని, చేరేది మీ తఖ్వా మాత్రమేనని అల్ హజ్ 37వ ఆయత్ స్పష్టం చేసింది. ఆదమ్ (అ) సంగతి కూడా అంతే. ఆయన తన ప్రభువు నుండి కొన్ని వచనాలు నేర్చుకొని వేడుకున్నాడు, అల్లాహ్ క్షమించాడు. అల్ బఖరా 37వ ఆయత్‌తో ఆ వ్యవహారం అక్కడికక్కడే ముగిసింది. బిడ్డలకు వారసత్వంగా దిగడానికి ఏమీ మిగలలేదు.

అయితే మన ఇళ్లలో ఏం జరుగుతోంది? కొత్తూరు దగ్గర జహంగీర్ పీరాఁ దర్గాకు మేకలు తోలుకువెళ్లి కందూరు చేసేవారిలో, ఆ రక్తంతో గండం గడిచిందని నమ్మేవారు మనలో లేరా? జబ్బు మనిషి చుట్టూ కోడిని తిప్పి సద్‌ఖా పేరుతో కోసేటప్పుడు మనసులో ఉన్నది పేదవాడి ఆకలా, ప్రాణానికి ప్రాణమా? ఫలానా బుజుర్గు దామన్ పట్టుకున్నాం గనుక లెక్క అడగరని ధీమాగా ఉండేవారు ఎందరు? షఫాఅత్ అల్లాహ్ అనుమతితో జరిగేది. అది మన తరఫున బాకీ కట్టడం కాదు. వెనుక అద్దం మీది మూడు మాటలను విమర్శించే ముందు ఈ నమ్మకాలను సరిచేసుకోవాలి, ఎందుకంటే రెండింటి వేరు ఒకటే.

హుఖూఖుల్ ఇబాద్ విషయంలో ఇస్లాం మరింత కఠినం. తోటివాడి హక్కు కాజేసినవాడు దానిని తిరిగి ఇవ్వకుండా, లేదా అతని చేత మాఫీ చేయించుకోకుండా చేసే తౌబా అసంపూర్ణం. నమాజు, రోజా, జకాత్‌లతో వచ్చినప్పటికీ ఇతరులకు చేసిన అన్యాయాల కింద పుణ్యాలన్నీ పోగొట్టుకొని, చివరకు బాధితుల పాపాలు మీద వేయించుకునే దివాలాకోరు గురించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. అక్కడ ఒకరి పాపాలు మరొకరికి బదిలీ అవుతున్నాయి గదా అని ఎవరైనా అనవచ్చు. అవుతున్నాయి, కాని నిర్దోషి మీదికి కాదు, బాకీదారు మీదికే, అతను చేసిన అన్యాయానికి బదులుగానే. జానెడు భూమిని అన్యాయంగా ఆక్రమించినవాడి మెడకు ఏడు భూముల బరువు చుట్టబడుతుందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) హెచ్చరించారు. 2023 ఆగస్టులో వేలంలో ఎకరం 100 కోట్ల రూపాయలు దాటిన కోకాపేట మనకు కూతవేటు దూరం. ఇక్కడ అన్నదమ్ముల మధ్య, అక్కచెల్లెళ్ల వాటాల విషయంలో జానెడు అంటే ఏమిటో నార్సింగి వాసులకు వేరుగా చెప్పనక్కరలేదు. లూకా 19వ అధ్యాయంలో పన్నుల అధికారి జక్కయ్య, తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్న తర్వాతే ఆ ఇంటికి రక్షణ వచ్చిందని ఈసా (అ) ప్రకటించినట్లు ఉంది. ఇక్కడ క్రైస్తవుడూ మనమూ ఒకే వాక్యం ముందు నిలబడి ఉన్నాం.

చివరిగా మన అనువాదాల గురించి ఒక మాట. అల్ మాయిదా 89వ ఆయత్‌లో ప్రమాణభంగానికి కఫ్ఫారాగా పదిమంది పేదలకు అన్నం పెట్టమని, లేదా బట్టలివ్వమని, లేదా బానిసను విడుదల చేయమని, ఇవేవీ చేయలేకపోతే మూడు రోజులు ఉపవాసముండమని ఆదేశం వచ్చింది. ఇక్కడ కఫ్ఫారాను పరిహారం అనాలని కొందరు మిత్రులు సూచిస్తారు, ప్రాయశ్చిత్తం హిందువుల మాట, పైగా క్రైస్తవులు వాడుకున్న మాట అని వారి అభ్యంతరం. కాని పరిహారం అంటే ఈ ప్రాంతంలో రోడ్డు కోసం భూమి పోయినవారికి ప్రభుత్వం ఇచ్చే డబ్బు. అది పుచ్చుకునే మాట. ప్రాయశ్చిత్తం చేసుకునే మాట. ఆయత్‌లో అన్నం వండవలసినవాడు, ఉపవాసముండవలసినవాడు ప్రమాణం తప్పినవాడే గనుక, నేను ప్రాయశ్చిత్తమనే వ్రాస్తున్నాను.